ఇద్దరికే కుదిరిన బరువు

మే 6
కిరణ్ వాళ్ళ నాన్న ప్రసాదరావు గారి ఫోన్. కొడుకు అస్థికలు సముద్రంలో కలపాలట — వాడు నడపడం నేర్చుకున్న మా పాత విమానంలోంచే. "హంసలదీవి దగ్గర, కృష్ణ కలిసే చోట. మీరే నడపాలమ్మా." సరేనన్నాను. వాడికి నేర్పినన్నాళ్ళూ పైన ఏమవుతుందోనని భయపడ్డాను. పోయిన నెల రోడ్డు మీద పోయాడు. బెంజ్ సర్కిల్ దగ్గర, లారీ కింద.

మే 8
విమానం తూకం మళ్ళీ వేయించాను. మెకానిక్ ఖాదర్ గారు కాటాలు తెప్పించి చక్రాల కింద పెట్టారు. పుస్తకంలో రాసినదానికంటే ముప్పై కిలోలు ఎక్కువ. "ఎన్నిసార్లు రంగులేశాం, ఎన్ని రేకులు మార్చాం మేడమ్... ఒళ్ళు చేసింది." నవ్వబోయి ఆగిపోయారు. కిరణ్ అంటే ఆయనకీ ప్రాణం.

మే 9
లెక్క. నేను, కిరణ్ అమ్మానాన్నలు, భార్య గ్రేస్ — నలుగురం. కుదరదు. సముద్రం దాకా వెళ్ళి రావాలి, పెట్రోలు ఇంకా తగ్గించలేను. ఈ ఎండకి గాలి పలచబడుతుంది. పాత ఇంజను, పొట్టి రన్‌వే... చివరనున్న మామిడి తోట దాటదు.
మళ్ళీ వేశాను. నేను కాక ఇంకో ఇద్దరే.

మే 10
వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆ ఇంట్లో బరువులు అడగడానికి నోరు రాలేదు. ఎలాగో అడిగాను. ప్రసాదరావు గారు, "మేమిద్దరం వస్తాం. ఆ అమ్మాయికి బరువు కుదరలేదని మీరే చెప్పండమ్మా." చర్చిలో పెళ్ళి చేసుకున్నాడని కొడుకుతో మాట్లాడటం మానేసిన మనిషి.
"గ్రేస్ అందరికంటే తేలికండీ. బరువు ప్రకారమైతే ఆగాల్సింది మీరు."
అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మే 11
గ్రేస్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "అత్తయ్య గారు వెళ్ళాలి మేడమ్. నేను... నేను కూడా వెళ్ళాలి." ఎల్లుండి పొద్దున్నే రమ్మన్నాను. రమ్మనడానికి నేనెవరిని?

మే 12
అన్నం సహించలేదు.

మే 13, పొద్దున, విమానం పక్కన
అమ్మానాన్నలిద్దరే వచ్చారు. ఆయన అప్పుడే ముందు సీట్లో కూర్చున్నారు, ఒళ్ళో అస్థికల కుండ. ఈ ఇద్దరికీ లెక్క సరిపోతుంది. కాదనడానికి నా దగ్గర అంకె లేదు.
గ్రేస్ ఫోన్. "బస్సు చెడిపోయింది మేడమ్. ఆటోలో వస్తున్నా, మైలవరం ఇప్పుడే దాటాను, ఇంకా దూరముంది. ఆగుతారా?"
ఖాదర్ గారు థర్మామీటర్ చూసి, నా వైపు చూశారు. వేడి పెరిగేకొద్దీ విమానం లేవడానికి ఇంకా దూరం పరిగెత్తాలి. ఆలస్యమైతే ఇద్దరితో కూడా లేవదు.
"బయల్దేరదామా అమ్మా?" కిటికీలోంచి ఆయన.
"లెక్క ఇంకా కాలేదండీ."
ఎప్పుడో అయింది.
అమ్మగారు ఇంకా ఎక్కలేదు. రెక్క నీడలో నిలబడి గేటు వైపే చూస్తున్నారు. ఆయన "ఎక్కు" అంటున్నారు... ఆమె కదలడం లేదు.