వైకల్యం అని రాసిన కాగితం

నాయనా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. పొద్దున అమ్మను హిందూపురం ఆసుపత్రికి పిల్చుకొని పోయాను. మోకాళ్లు వంగక, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి ఆమె దిగడం మానేసి చాలా రోజులైంది. డాక్టరు చూసి, కాగితం మీద ‘వైకల్యం’ అని రాసిచ్చాడు.

తిరుగు బస్సులో అమ్మ ఆ మాటకు అర్థం అడిగింది.

“పని చేయాలని మనిషికి ఉన్నా, ఒంట్లో ఏదో ఒక భాగం చేయలేకపోవడం” అన్నాను.

బస్సు పెనుకొండ దాటింది. అప్పుడు అమ్మ మెల్లగా, “అట్లయితే మీ నాయన కుడిచేతికి ఉండిందీ అదేనేమో కదమ్మా” అంది.

చివరి రోజుల్లో నువ్వు నేసిన చీరలకు కుడిపక్క అంచు వదులుగా వచ్చేది. నేత చూసి మనిషిని అంచనా కట్టే వీధి మనది. నీకు ఒళ్లు వంగడం లేదన్నారు. అమ్మ పైకే అంది, నేను మనసులో అనుకున్నాను. నువ్వు ఆ అంచు విప్పి మళ్లీ నేసేవాడివి.

ధర్మవరంలో దిగి ఇంటికి రాగానే, ఆ కాగితం నీ ఫొటో ముందు చదవమంది అమ్మ. కాళ్లయినా కడుక్కోకుండా నిలబడి చదివాను. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె పేరు బదులు నీ పేరు చదివాను.

అమ్మ సరిదిద్దలేదు.