కొలంబో ఇంటి రసీదులు

సరోజా,

నువ్వు పోయి మూడేళ్లు దాటింది. ఇవాళ నీ పేరిట ఆదాయపు పన్ను నోటీసు వచ్చింది. మీ నాయన నీకిచ్చిన కొలంబో ఇంటి అద్దెకు అక్కడ పన్ను కడుతున్నాం కదా, ఇక్కడ చూపనక్కర లేదనుకున్నాను. ఇక్కడా చూపాలట.

భయం దానికి కాదు. అద్దె రసీదుల మీద ఇన్నాళ్లూ నీ సంతకం నేనే పెడుతున్నాను. నువ్వు చేసినట్టే పైన పసుపు బొట్టు కూడా. నువ్వు లేవని కొలంబోకు ఒక్క ముక్క రాయలేకపోయాను.

నోటీసు తెచ్చిన బంట్రోతు నా చేతికివ్వలేదు. "ఆయమ్మ చేతికే ఇయ్యాల సార్. యాడుండాది?" అన్నాడు.

"ధర్మవరంలో, పుట్టింట్లో," అనేశాను.

"నోటీసొస్తాదని తెలిసే పోయినాదా ఏమి?" అని నవ్వాడు. "మాదీ ఆ ఊరే. ఈపొద్దే పోతాండా, ఇల్లు కనుక్కోని ఆడే ఇస్తాలే."

మధ్యాహ్నం బండి ఈపాటికి పెనుకొండ దాటి ధర్మవరం చేరి ఉంటుంది. మీ అమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, నువ్వెలా పోయావో మొదటినుంచీ చెబుతూ ఉంటుంది.