రాత్రి షిఫ్టు గీత

జూన్ 9
ఫలితం వచ్చింది. టూ-వే అనోవా, రెండు కారణాల ప్రభావాన్ని ఒకేసారి తూచే లెక్క. ఒకవైపు షిఫ్టు — పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఇంకోవైపు ధ్యాన శిక్షణ — తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లు. కొలిచింది ఫ్యాక్టరీ కార్మికుల ఒత్తిడి. శిక్షణ ప్రభావం ఉంది, గైడ్ సార్ కోరుకున్నట్టే. ఆ కింది వరుసలో ఇంకొకటి ఉంది. షిఫ్టూ శిక్షణా కలిసినప్పటి ప్రభావం. అదీ గట్టిగానే ఉంది. అంటే శిక్షణ అందరికీ ఒకేలా పనిచేయలేదు.
గ్రాఫ్ గీశాను. రెండు గీతలు — శిక్షణ తీసుకున్నవాళ్లది ఒకటి, తీసుకోనివాళ్లది ఒకటి. రాత్రి షిఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఒకదాన్నొకటి దాటుకున్నాయి.

జూన్ 10
పోస్ట్-హాక్ చేశాను, అసలు తేడా ఏ గుంపుల మధ్య ఉందో చూడ్డానికి. ఆరు గుంపులు, పదిహేను జతలు. అన్నిటినీ విడివిడిగా పోలుస్తూ పోతే ఏదో ఒక తేడా ఊరికే తగులుతుంది. అలా తగిలినవాటిని నమ్మకుండా ట్యూకీ టెస్టు పెట్టాను, అది కఠినం. పొద్దున షిఫ్టులో శిక్షణ తీసుకున్నవాళ్లకు ఒత్తిడి తక్కువ. నిలబడింది. మధ్యాహ్నం — తేడా లేదు. రాత్రి... శిక్షణ తీసుకున్నవాళ్లకే ఎక్కువ. అదీ నిలబడింది.
కంప్యూటర్‌లో ఎక్కించడంలో తప్పేమోనని ఫారాలన్నీ మళ్లీ సరిచూశాను. తప్పు లేదు.
ఆ తరగతులు చెప్పింది నేనే. ఆరు వారాలు, అంబత్తూరులో ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. "కళ్లు మూసుకోండి, ఊపిరి మీద మనసు పెట్టండి" — నా గొంతే.

జూన్ 12
సార్‌కి చూపించాను. శిక్షణ ఆయన తయారుచేసిందే. దాని మీద ఆయన పుస్తకం అచ్చుకు వెళ్తోంది. ఫ్యాక్టరీ వాళ్లు అన్ని షిఫ్టులకూ తప్పనిసరి చేద్దామంటున్నారు. సార్ గుంటూరు మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు.
"రాత్రి షిఫ్టును తీసెయ్యమ్మా. నిద్ర లేనివాళ్లు, ఫారాలు సరిగ్గా నింపి ఉండరు అని రాసెయ్."
"నింపారు సార్. ఒక్కొక్కరి పక్కనా కూర్చుని నింపించాను."
"ఆ ట్యూకీ ఎందుకు? అంత కఠినం కాని ఎల్‌ఎస్‌డి టెస్టు చాలు. మధ్యాహ్నం వాళ్లకీ తేడా వచ్చేస్తుంది. నీ పీహెచ్‌డీ అయిపోతుంది కదా."
ఆలోచిస్తానన్నాను. ఎందుకన్నాను అలా...

జూన్ 13
చేసి చూశాను. రాత్రి వాళ్లను తీసేసి, వదులు టెస్టు పెట్టి. వచ్చింది. రెండు షిఫ్టులకూ మేలు. టేబుల్ ఎంత ముచ్చటగా ఉందో.
ఐదు నిమిషాలు చూశాను. ఫైలు తుడిచేశాను.

జూన్ 16
అంబత్తూరు. రాత్రి షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. కస్తూరి వచ్చింది. వైర్లు బిగించే సెక్షన్, నా తరగతిలో ఎప్పుడూ ముందు వరుస. టీ కొట్టు దగ్గర అడిగాను — ఏం జరిగిందక్కా, క్లాసుకొచ్చిన మీకే ఒత్తిడెందుకు ఎక్కువైంది?
"నిజం చెప్తే కోపం చేసుకోకూడదు మేడం. షిఫ్టు వదిలినాక మీ క్లాసు అయ్యేలోపల కంపెనీ బస్సు ఎళ్లిపోతా ఉండె. ఈడి నుంచి రెండు బస్సులు మారి ఇంటికి పోయేసరికి పిల్లోళ్లు స్కూలుకి పొయ్యుంటారు. వాళ్ల మొగం చూసేది ఆ ఒక్క టైములోనే."
"ముందే చెప్పుండొచ్చు గదక్కా."
"క్లాసుకి ఎవురు రావాల్నో లిస్టు రాసింది సూపర్‌వైజరు. ఎవురు చెప్పేది? మీరేమో కళ్లు మూసుకోమంటారు. మూసుకుంటే నాకు బస్సే కనపడేది."
నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు నేను.

జూన్ 17
అమ్మకు గ్రాఫ్ చూపించాను. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ చేసిన మనిషి. సొరకాయ తరుగుతూనే విన్నది.
"రాత్రోళ్లకి కీడైతే మీ సారు మేలని ఎట్లా అంటాడు?"
"అందరినీ కలిపి సరాసరి తీస్తే మేలేనమ్మా."
"ఎవురామె, ఆ సరాసరి? ఏ షిఫ్టుకి వస్తుంది?"
నోటు పుస్తకంలో రాసుకున్నాను.

జూన్ 20
అధ్యాయం పూర్తి. మూడు షిఫ్టులూ ఉన్నాయి. పదిహేను జతలూ ఉన్నాయి. బస్సు సంగతీ ఉంది.

జూన్ 23
అధ్యాయం మీద సార్ సంతకం పెట్టలేదు.
"నీకు మొండితనం ఎక్కువ పద్మా. పరిశోధనకు అది పనికిరాదు."
"అధ్యాయం మార్చను సార్."
కాగితాలు తీసుకుని వచ్చేశాను.

జూన్ 24
లైబ్రరీ. ఎవరూ పలకరించలేదు. వార్త పాకినట్టుంది.

జూన్ 27
డిపార్ట్‌మెంటు సెమినార్. పొద్దున్నే సార్ మెసేజ్ — ఆ గ్రాఫ్ పెట్టొద్దు. పెట్టాను. గోడంత పెద్దది చేసి పెట్టాను.
వెనక వరుసలోంచి స్టాటిస్టిక్స్ మేడం లేచారు. రాత్రి వాళ్ల ఒత్తిడి శిక్షణ వల్లనా, బస్సు తప్పడం వల్లనా?
"తెలీదు మేడం. బస్సును నేను కొలవలేదు. అది నా డిజైన్‌లో లోపం. ఇప్పుడున్న తీరులో శిక్షణ వాళ్లకు మేలు చేయలేదు — అంతవరకే చెప్పగలను."
ఆమె ఏదో రాసుకున్నారు. నా వైపా, సార్ వైపా, ముఖం చూసి తెలియలేదు. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.
మెట్ల దగ్గర ఆగి అన్నారు, మెల్లగానే — "ఇంకో గైడును వెతుక్కో."

జూన్ 28
ఏడ్చాను. రాయపురం చేపల రేవు దాకా నడిచాను. చేపల వేలం అరుపుల మధ్య నిలబడితే ఎవరికీ కనపడం, అది నయం.
ఇంటికొచ్చి గైడు మార్పు దరఖాస్తు నింపాను. కారణం అన్నచోట 'భిన్నాభిప్రాయం' అని రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను: 'డేటాలో కొంత భాగం తీసేయమన్నారు. నేను తీయలేదు.'

జూలై 1
కస్తూరి ఫోన్.
"గేటుకాడ నోటీసు అంటించినారు మేడం. సోమవారం నుంచి రాత్రి షిఫ్టుకి కూడా క్లాసు కంపల్సరీ అంట. రానోళ్ల పేర్లు రాసుకుంటారంట. రీసెర్చిలో మేలని తేలిందని వేసినారు. కింద సారు పేరు ఉండాది, మీ పేరు కూడా."
"నా పేరా?"
"ఆమా మేడం, మీదే. ఫోటో పంపిస్తా ఉండండి."
వచ్చింది. నా పేరే. ఇంటిపేరుతో సహా.

జూలై 2
ఫ్యాక్టరీ మేనేజరుకు ఉత్తరం. రెండు పేజీలు. నా పేరు తీసేయండి. ఆ నోటీసులో ఉన్నది నా ఫలితం కాదు. నా ఫలితం ఇదీ — అని టేబుల్ జతచేశాను. కార్మికుల పేర్లు ఒక్కటీ లేవు, రెండుసార్లు చూసుకున్నాను. సార్ అనుమతి లేదు. అడిగితే ఇవ్వరు, కాబట్టి అడగలేదు.
"ఇది పంపితే మీ సారు ఊరుకుంటాడా?" — అమ్మ.
"ఊరుకోరు."
"సరి. అన్నం తిని పో."

జూలై 3
నేనే వెళ్లి ఇచ్చాను. గేటు ఆఫీసులో గుమాస్తా నిలబడే చదివాడు. ఎవరికివ్వాలన్నాడు తమిళంలో. నోటీసు అంటించినవాళ్లకి అన్నాను. ముద్ర వేశాడు.
బస్సులో కూర్చుని సార్‌కి కాపీ పంపాను. తొండియార్‌పేట రాకముందే జవాబు — రేపు పదింటికి డీన్ గదికి రా. అంతే ఉంది.
వెళ్తాను. డీన్ ఏం వింటారో, ఎవరి మాట ముందు వింటారో...
రాత్రి కస్తూరి ఫోన్ — నోటీసు ఇంకా గేటు గోడ మీదే ఉందట.