బాగ్దాద్ దారిలో పవర్ బ్యాంక్

అక్టోబర్ 2, మోసూల్

ఫైనల్స్‌కి పిలిచారు! బాగ్దాద్‌లో, తొమ్మిదో తారీఖు. మా పాత పేటలో కూలిపోయిన ఇంటి స్థలంలో కొత్త ఇంటికి డిజైన్ల పోటీ. గెలిచినవాళ్ళ ఇల్లు నిజంగా కడతారు. నిజంగా! రాయీ సున్నమూ పెట్టి! 3D మోడల్‌ని జడ్జీల ముందు లైవ్‌లో తిప్పి చూపించాలి. కుబ్బె చల్లారిపోతోందని అమ్మ వంటింట్లోంచి అరుస్తోంది. ఆకలి ఎక్కడిది!

అక్టోబర్ 5

ఒక్కటే చిక్కు, నా ల్యాప్‌టాప్. బ్యాటరీ ఉబ్బితే తీసేశారు, కొత్తది దొరకడం లేదు. ప్లగ్‌లో ఉంటేనే దాని బతుకు. సర్కారు కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు టప్‌మని ఆగిపోతుంది. జడ్జీల ముందు అలా ఆగితే నా పని అయిపోయినట్టే. పైగా మెట్లు ఇంకా గీయలేదు, కారులోనే గీయాలి. చెల్లెలి ల్యాప్‌టాప్ ఈ ఫైల్ చూసి మొరాయించింది. పవర్ బ్యాంక్ కొనాల్సిందే.

అక్టోబర్ 7

గానిమ్ మామయ్య షాపుకి వెంట వచ్చాడు. మా వీధి జనరేటర్ ఆయనదే, ఇంటింటికీ ఆంపియర్ల లెక్కన కరెంటు అమ్ముతాడు. ఈ ఊళ్ళో పెళ్ళి సంబంధానికి వచ్చినా వాళ్ళింట్లో ఎన్ని ఆంపియర్లని ఆరా తీస్తారు. నేను చిన్నది పట్టుకుంటే లాగేశాడు. ఇది దోమకి కూడా చాలదు, ఆంపియర్లు చూడవే ఇంజనీరమ్మా, అంటూ ఇటుకంత దాన్ని చేతిలో పెట్టాడు. దాని మీద యాభై వేల మిల్లీ ఆంపియర్ అవర్లని పెద్ద అంకె. నాకూ కళ్ళు చెదిరాయి. కొనేశాను. ఇంటికొచ్చి ఫోన్ పెడితే చక్కగా ఛార్జ్ ఎక్కింది. ఇంకేం కావాలి!

అక్టోబర్ 8, ఉదయం, కారులో

ఎక్కడం లేదు. ఇటుక లైట్లన్నీ వెలుగుతున్నాయి, ల్యాప్‌టాప్ మాత్రం ఉలకదు పలకదు. కేబుల్ మార్చాను. తిట్టాను. బతిమాలాను.

దారిలో బేజీ ఊరు దాటాక బుర్ర వెలిగింది. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద అరవై అయిదు వాట్లని ఉంది. ఇటుక అడుగున, చీమంత అక్షరాల్లో, ఇరవై రెండు. మామయ్యా నేనూ ట్యాంకు ఎంత పెద్దదో చూశాం గానీ కుళాయి ఎంత సన్నమో చూడలేదు. ఫోన్ చేసి చెప్పాను. వాట్లేమిటే, ఇన్నేళ్ళుగా వీధికి కరెంటిచ్చింది నువ్వా నేనా అని గయ్‌మన్నాడు. చివరికి, సరేలే తల్లీ, అక్కడ ఇంకోటి కొనుక్కో, ఇది నాకిచ్చెయ్, ఫోన్‌కి పెట్టుకుంటా అన్నాడు.

అదే సాయంత్రం, బాగ్దాద్

కంప్యూటర్లన్నీ సినాఆ వీధిలోనే. షాపాయన నా యాస విని, మోసూలా, అయితే బేరం మొదలెట్టకముందే నన్ను టీ తాగనివ్వమ్మా అన్నాడు. మా పిసినారితనం మీద దేశమంతా జోకులే. పరువు కోసం బేరమే ఆడలేదు! వాట్లు చూపించండి అన్నాను. ఒకదాని మీద వంద అని ఉంది, తిప్పి చూస్తే అది పోర్టులన్నీ కలిపి. నన్నా మోసం చేసేది! ఇంకోటి మోయలేనంత బరువు. మూడోది మామయ్య ఇటుకలో సగమే ఉంది, కానీ ఒక్క పోర్టుకే వంద వాట్లు. ఇక్కడే పెట్టి చూస్తానన్నాను. నీ ఇష్టం, నమ్మకపోతే మానెయ్, టీ మాత్రం తాగు అన్నాడు.

వెలిగింది! షాపులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. మోడల్ తెరుచుకోగానే షాపాయన మెడ చాచి, ఎవరిదమ్మా ఈ ఇల్లు, వాకిట్లో ఎండ భలే పడుతోంది అన్నాడు. కౌంటర్ మీదే సగం మెట్లు గీసేశాను. ఇప్పుడు హోటల్లో మిగతావి గీస్తూ, కొన్న పవర్ బ్యాంక్‌ని నిండా ఛార్జ్ చేస్తున్నాను.

అక్టోబర్ 9

నా వంతు మధ్యలో పోయింది కరెంటు! ప్రొజెక్టర్ ఆరింది, ఏసీ ఆగింది, జనరేటర్ అందుకోలేదు. హాలు వాళ్ళు డీజిల్ కోసం పరుగులు. నా ల్యాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది. జడ్జీలు కుర్చీలు లాక్కుని నా చుట్టూ చేరారు. అంతవరకూ ఆవలించినవాళ్ళు ఇటు తిప్పు, పైకెక్కు, ఆ కిటికీలోంచి చూపించు అంటూ ఒకరినొకరు తోసుకున్నారు.

జడ్జీల్లో బహీరా అనే పెద్దావిడ మేడ మీద ఒక తలుపు చూపించి, తెరువమ్మా అంది. వెనక ఏమీ గీయలేదండీ అన్నాను. మరి ఇంత మంచి తలుపెందుకు పెట్టావు అంది. అక్కడ తలుపుండాలనిపించింది, అంతే, అన్నాను. ఆవిడ నవ్వలేదు, ఏదో రాసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఇంత సంతోషం నా జన్మలో లేదు.

అక్టోబర్ 17, మోసూల్

నా ఇల్లే కడతారట! ఆ తలుపు వెనక ఏముండాలో వీధిలో వాళ్ళని అడిగి చెప్పమన్నారు. పొద్దున్నుంచీ మా గుమ్మం ముందు క్యూ.