నూనె కడిగేసిన గుడ్లు

ప్రియమైన అమ్మకి,

మన కాలనీ బాతుల్ని పట్టడానికి శనివారం పొద్దున బోన్ల మనిషి వస్తున్నాడు. ఈలోగా నీ మాట కావాలి. నువ్వు ఫోన్ ఎత్తవు, అందుకే రాస్తున్నాను. చర్చిలో సిస్టర్ ఇనేస్ చేత చదివించుకో. ఇందులో సిగ్గుపడాల్సింది నేనే, నువ్వు కాదు.

ఆ రోజు అందరి ముందు "బడి మొహం చూడనిదానివి, నీకేం తెలుసు" అన్నాను. నువ్వు ఏప్రాన్ విప్పి కుర్చీ మీద వేసి, పిన్ని దగ్గరికి ఇమ్మొకలీ ఊరి బస్సెక్కేశావు. అంతకుముందే, బాతులు పెరగకుండా చూసే పని కాలనీ వాళ్లు నాకిచ్చారు. గుడ్లు పిల్లలు కాకుండా వాటికి మొక్కజొన్న నూనె పూసి నేను గూళ్లలో పెడుతుంటే, నువ్వు వెనకాలే వచ్చి సబ్బునీళ్లతో కడిగేశావు. పదిహేడు పిల్లలు బయటికొచ్చాయి. అడిగితే, "లోపలిది ఊపిరాడక చస్తే నీకు మార్కులేస్తారా తల్లీ" అన్నావు.

నీకు ముందే చెప్పాల్సింది. పూసే ముందు ప్రతి గుడ్డునీ బకెట్ నీళ్లలో వేస్తాను. మునిగితే లోపల ఇంకా పిల్ల రూపు కట్టలేదని. తేలితే పిల్ల ఉన్నట్టే, నూనె పూయకుండా అలాగే గూట్లో పెట్టేస్తాను. గుడ్లు ఎత్తుకుపోతే బాతు మళ్లీ పెడుతుంది. నూనె గుడ్ల మీదైతే ఊరికే కూర్చుంటుంది. ఇది ఆగితే మిగిలేది బోన్లే. పట్టిన బాతుల్ని ఫ్లోరిడాలో ఇంకోచోట వదలనివ్వరు, చంపేస్తారు. నీ పదిహేడింటినీ, వాటి తల్లుల్నీ.

నిన్న మీటింగులో లేచి, కడిగింది మా అమ్మేనని చెప్పాను. నేను నెలంతా వెతికి నాలుగు గూళ్లు పట్టాను, ఆవిడ ఒక్క పూటలోనే పదకొండు చూపించగలదు, పని ఇద్దరికీ ఇవ్వండి అన్నాను. కారు మీద రెట్ట కడిగీ కడిగీ విసిగిపోయిన ప్రెసిడెంటు హావర్టీ గారు, "పిల్లల్ని లేపినావిడకే గుడ్లు అప్పగించమంటావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూర్చోలేదు. "మా ఊరు వెరక్రూజ్‌లో ఈ బాతుల్నే పెంచిన మనిషండీ. ఇవి బతకాలని ఆవిడకున్నంత పట్టుదల ఇక్కడ ఎవరికుంది?" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు, కానీ నువ్వే వచ్చి కాగితం మీద గుర్తు పెట్టాలట. అప్పుడే బోన్లు ఆపుతారు.

బకెట్ నీ చేతికిస్తాను. ఏది తేలిందో, ఏది మునిగిందో నువ్వే చెప్పు. నువ్వు వద్దన్న గుడ్డుని ముట్టను. కానీ నూనె పూశాక మళ్లీ కడగనని మాటివ్వాలి, అది మాత్రం నేను వదలను.

గురువారం, పద్దెనిమిదో తేదీలోగా నాకు అందేలా, వస్తావో రావో సిస్టర్ చేత ఒక్క ముక్క రాయించు.

నీ కూతురు,
ఇట్సెల్