ఎడమ చెవి సమాధి

మెట్టుగూడ,
అక్టోబరు 29

ప్రియమైన కల్పక్కకి,

ఫోన్‌లో మాట్లాడితే ఆయన వింటాడని ఉత్తరం రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఈసారి సెల్లార్‌లో హాలోవీన్, అదే దయ్యాల పండుగ, జరుపుతున్నారు. సమాధిరాళ్ళు చేసే పని నాకిచ్చారు. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్ దాచి ఉంచాను. చాకు స్టవ్ మీద వేడి చేసి కోస్తే పొడి రాలకుండా తెగుతుంది. మొదటిదానికి ఆయిల్ పెయింట్ వేస్తే కరిగి గుంటలు పడ్డాయి. ఆ తర్వాత గోడకి వేసే తెల్లరంగులో మసి కలిపి పూశాను. ఆరు రాళ్ళు వచ్చాయి. కింది ఫ్లాటు గ్లోరియా, నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, చూసి, "మా చర్చి సమాధుల మీద చనిపోయెనని రాయరు వసుధా, నిద్రించెనని రాస్తరు" అంది.

ఎవరి పేర్లు రాయాలో పిల్లలు చెప్పలేదు. నేనిలా రాశాను: ఎడమ చెవి, నిద్రించెను, 2011 జూన్ 6. రెండు పళ్ళు, 2014 మార్చి 19. ఉంగరపు వేలు, 2018 ఆగస్టు 2.

అక్కా, బాత్రూంలో జారానని నీకు చెప్పినవన్నీ అబద్ధాలు. చెవి మీద నీ మరిది కుక్కర్ మూతతో కొట్టాడు, అప్పట్నుంచి అది వినపడదు. తల గడపకేసి బాదితే పళ్ళు పోయాయి. కూర చల్లారిందని నా వేలు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మిగతా మూడూ నీకు కూడా రాయలేను, రాళ్ళ మీద రాశాను.

ఎల్లుండి ఆయన చదువుతాడు. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. మర్నాడు పొద్దున బండెక్కి మీ ఇంటికి వచ్చేస్తాను.

నీ చెల్లెలు,
వసుధ


మెట్టుగూడ,
నవంబరు 3

అక్కా,

నేను రావడం లేదు.

ఆ సాయంత్రం పిల్లలు రాళ్ళు చదివి పకపకా నవ్వుతున్నారు. ఆయన వచ్చి మొదటిది చదివాడు, రెండోది చదివి ఆగిపోయాడు. అప్పుడే పక్క ఫ్లాటు యోగిత వాళ్ళ పాప అడిగింది, "ఆంటీ, ఈ చెవి ఎవరిది?"

"నాదే తల్లీ" అన్నాను.

పిల్లలు ఇంకా నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు.

"ఏందే, అందరి ముంగట నన్ను బద్నాం చేస్తున్నవా?" అంటూ ఆయన రాళ్ళను తన్ని ముక్కలు చేశాడు. నా జుట్టు పట్టుకుని మొహాన్ని స్తంభానికేసి కొట్టాడు. నోట్లోకి రక్తం వచ్చింది. మళ్ళీ వెనక్కి లాగేసరికి గ్లోరియా చేతికర్రతో ఆయన మోచేతి మీద గట్టిగా వేసింది.

"ఆ వేలికి కట్టు కట్టింది నేనే హరికిషన్. తలుపు తనే ఏసుకున్ననంటే నమ్మిన. నాకు సిగ్గుండాలె" అంటూ ఇంకో దెబ్బ వేసింది. వాచ్‌మన్ బిక్షం, యోగిత కలిసి ఆయన్ని గోడకి అదిమి పట్టారు. పిల్లలు ఏడుస్తున్నారు. వాళ్ళ పండుగ పాడు చేశానని ఇప్పటికీ బాధగానే ఉంది.

పోలీసు స్టేషన్‌లో ఎస్సై "ఇన్నేండ్లు ఏం జేసినవమ్మా?" అన్నాడు. తేదీలు ఆరూ చెప్పాను, ఏడోది ఆ రోజుదే. ఆయన్ని లోపలే ఉంచారు. కేసు వాపసు తీసుకోమని ఆయన తమ్ముడు వచ్చాడు. తలుపు తీయలేదు.

ఇల్లు వదిలి నేనెందుకు వెళ్ళాలి? నువ్వే రా, అమ్మను కూడా తీసుకురా. సికింద్రాబాద్ స్టేషన్‌కి నేనే వస్తాను. ముక్కు మీద కట్టుంది, మొహమంతా కమిలి నల్లగా ఉంది. కొంగు కప్పుకోను. గుర్తుపట్టు.

నీ
వసుధ