సంఘపెద్ద కోసం ఇరవై రెండు ప్రశ్నలు

కుంఠా నాకా, షోలాపూర్
21 జులై 2025

చిరంజీవి నితిన్‌కు అమ్మమ్మ సుందరాబాయి ఆశీస్సులు.

మన తెలుగు సంఘంలో పన్నెండు మందే మిగిలారని రాశావు. తప్పు. పదకొండు మంది. పన్నెండో పేరు నరసయ్యది. ఆయనను మొన్న ఫిబ్రవరిలో సమాధి చేసింది నువ్వే. సంఘాల మండలికి కార్యదర్శివి అయ్యాక పాతిపెట్టినవాళ్ళకు కూడా హాజరు వేయడం నేర్చుకున్నావు కాబోలు.

నిన్న ఆదివారం చర్చి గుమ్మం బయట పదకొండు జతల చెప్పులున్నాయి. అందులో ఒక జత పెంటప్పది. ఆయన ఆరాధనకు వస్తాడు, నిద్రపోతాడు. పక్కింట్లో మరమగ్గాలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాడు. పాస్టరుగారు నాలుగు సంఘాలకు ఒక్కరే. మా వంతు నెలకొకసారి, అదీ ఆయన బండి మొరాయించకపోతే. యమునాబాయితో సహా తొమ్మిది ఇళ్ళవాళ్ళు కుంభారి కొత్త కాలనీకి వెళ్ళిపోయారు. ఆదివారం బస్సు దొరకదంటారు. సోమవారం కార్ఖానాకు రావడానికి దొరుకుతుంది.

ఆగస్టు ఆఖరుకు ముప్పై మంది రాకపోతే తాళం వేసి, మమ్మల్ని మరాఠీ సంఘంలో కలుపుతామని మీవాళ్ళు తలుపుకు కాగితం అంటించి పోయారు. నేను ముప్పై రెండేళ్ళు తెలుగు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని. మరాఠీలో కూరగాయలు బేరమాడగలను. పాపాలు ఒప్పుకోలేను.

బలమైన క్రైస్తవ నాయకత్వం లేకపోవడమే ఈ క్షీణతకు మూలమని నీ ఉత్తరంలో ఆరుసార్లు ఉంది. ఒకసారి చాలు, నాకు చెవుడు లేదు. అది ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఒక్కసారీ రాయలేదు.

కళ్ళు లాగుతున్నాయి, ఉంటాను.
నీ అమ్మమ్మ

తా.క.: ఇప్పుడు గంట కొట్టేది పార్వతీబాయి. మన చర్చి వరండాలో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు పెద్ద. తలుపు మీది కాగితం చదివి, వారమంతా మనవాళ్ళ ఇళ్ళకు తిరిగింది. "ఏం పెంటన్నా, దేవునికాడ నిద్రపోయెటందుకైనా టైముకు రావాలె గదా!" అన్నదట. వచ్చాడు.

---

మండలి కార్యాలయం
28 జులై 2025

ప్రియమైన అమ్మమ్మకు నితిన్ వందనములు.

నరసయ్య తాత విషయంలో క్షమించు. జాబితా సరిచేశాను.

నీ తాజాకలం మండలి సమావేశంలో చదివి వినిపించాను. అందరూ కదిలిపోయారు. ఈ ఏడాది నాయకత్వం మీద నాలుగు సదస్సులు పెట్టాం. భోజనాల దగ్గర హాజరు బాగానే ఉంది. నాయకుడే దొరకలేదు. తీరా చూస్తే, ఎవరూ చెప్పకుండానే ఇంటింటికీ తిరిగే సహోదరి మన షోలాపూర్‌లోనే ఉంది!

ఆమెను సంఘపెద్దగా నియమించాలని ఆలోచన. అలాంటి మనిషి బాధ్యత తీసుకుంటే ముప్పై మంది నిబంధన సడలిస్తామని అధ్యక్షులు మాటిచ్చారు. చర్చి నిలబడుతుంది అమ్మమ్మా. ఫారం పంపుతున్నాను. ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. ఆమెను అడిగి నువ్వే నింపు.

ప్రభువునందు,
నీ నితిన్

తా.క.: వాట్సాప్‌లో పంపితే తొందరగా అందుతుంది.

---

కుంఠా నాకా
4 ఆగస్టు 2025

చిరంజీవి నితిన్‌కు ఆశీస్సులు.

వాట్సాప్ వద్దు. నేను నాలుగు పేజీలు రాస్తే నువ్వు బొటనవేలు బొమ్మ పంపుతావు.

ఫారం నింపాను. గళ్ళలో పట్టని జవాబులు ఇక్కడ రాస్తున్నాను. వేకువనే లేస్తుందా అని అడిగావు. నాలుగున్నరకు లేచి, స్నానం చేసి, దండం పెట్టుకున్నాకే బీడీ ఆకు ముట్టుకుంటుంది. ఉపవాసం ఉంటుందా అంటే, ప్రతి సోమవారం ఉంటుంది. ఈ నెలంతా మాంసం కూడా ముట్టదు. పదవి మీద ఆశ ఉందా అన్నావు. ఆ మనిషి చర్చి లోపలికే రాదు. బీడీల చేట ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంటుంది.

సంఘస్థులను దర్శించే పద్ధతి ఎలాంటిదని ఇంకో ప్రశ్న. శనివారం కుంభారి వెళ్ళింది. యమునాబాయి చెప్పగా తెలిసిన మాటలివి.

"యమునక్కా, బస్సు లేదంటివి. నేనేం ఇమానంల వచ్చిననా? రేపు పొద్దుగాల్ల లవకర్, జల్ది తయారుగుండు."

"మోకాళ్ళు నొస్తున్నయే."

"నొస్తే కూసోనే పాడు. పాటకు మోకాళ్ళెందుకు?"

నిన్న పంతొమ్మిది జతలు.

శిక్షణకు మాత్రం పిలవకు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలి, ఆమెకు తీరదు.

నీ అమ్మమ్మ

తా.క.: పదిహేడో ప్రశ్న, "ఆమెకు ఆత్మల భారము కలదా?" చదివి వినిపించాను. "ఉన్న భారం చాలదా టీచరమ్మా?" అంది. నేను "కలదు" అని రాశాను.

---

మండలి కార్యాలయం
11 ఆగస్టు 2025

ప్రియమైన అమ్మమ్మకు వందనములు.

ఫారం చదివి అధ్యక్షులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గుమ్మం దగ్గర కూర్చునే ఆ తగ్గింపు మీద నేనే నిన్న ప్రసంగం చేశాను. అంతేకాదు, ఆమెను మాదిరిగా తీసుకుని మన నలభై రెండు సంఘాలూ ఈ నెలంతా సోమవారం ఉపవాసం ఉండాలని తీర్మానం చేశాం. ఈ రోజే మొదలు. ఆఫీసులో టీ కూడా లేదు.

ఆగస్టు ముప్పై ఒకటిన అధ్యక్షులతో నేనూ వస్తున్నాను. ఆ రోజే నియామకం. పార్వతీబాయిగారు సంతకం చేయగానే తాళం మాట రద్దు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఆ సంఘం కోసం వేదన పడ్డావు. ఇక నిశ్చింతగా ఉండు.

ప్రభువునందు,
నితిన్

తా.క.: ఆమెను ఇరవై నిమిషాలు సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉండమను. మారుమనస్సు పొందిన రోజు నుంచి మొదలుపెడితే బాగుంటుంది.

---

కుంఠా నాకా
18 ఆగస్టు 2025

చిరంజీవి నితిన్‌కు ఆశీస్సులు.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. వీలైతే భోంచేశాక చదువు.

పార్వతీబాయి పద్మశాలీల ఆడపడుచు. మొన్న పున్నమికి మార్కండేయుడి రథం వెంట నడిచి వచ్చింది. ఆమె సోమవారాలు శివుడివి. నలభై రెండు క్రైస్తవ సంఘాల చేత నువ్వు శ్రావణ సోమవారాలు చేయిస్తున్నావు.

నీ ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. ఆమె క్రైస్తవురాలా అన్నది మాత్రం లేదు. మొదటి ఉత్తరం రాసినప్పుడు నువ్విలా అనుకుంటావని నాకు తోచలేదు. ఫారం చేతికొచ్చినప్పుడు తోచింది. తోచాకే నింపాను. తాళం పడకూడదని, అబద్ధం ఒక్కటీ లేకుండా నిన్ను మోసం చేశాను. బడిలో పిల్లలెవరైనా ఇలాంటి పని చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

మా చర్చి కోసం ఆమెకెందుకంత తపన అని అడిగాను.

"తాళమేస్తే వరండకు గూడ తాళమే గదా. ఇంట్ల మగ్గం, బయట వాన. మేం పద్నాలుగు మందిమి యాడ కూసోవాలె? మీ దేవుడు మాకింత జాగ ఇచ్చిండు. మీరేమో ఆయన్ని ఒక్కన్నే ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నరు."

ఆ చివరి మాట నన్నే అన్నది. అదీ చెప్పి ముగిస్తాను. మొన్నటికి నేను ఆ గడప తొక్కి పది నెలలైంది. చెప్పులు లెక్కపెట్టిందంతా మా కిటికీలోంచి. ఖాళీ బెంచీలు చూడలేకపోతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నేను లేచి వెళ్ళిపోతే ఇంకో బెంచీ ఖాళీ అవుతుందని ఆలోచించలేదు. పాస్టరుగారి బండిని, కుంభారి బస్సును, మీ మండలిని, అందరినీ తప్పుపట్టాను. అలసిపోయినవాళ్ళకు అది సుఖమైన పని.

నిన్న పొద్దున్నే నా తలుపు తట్టింది.

"అందరిండ్లు తిరిగిన. మీదొక్కటే మిగిలింది టీచరమ్మా. అక్షరాలు నేర్పినోళ్ళని సిగ్గయ్యి ఆఖరుకు పెట్టిన. ఇగ లేవున్రి."

లేచాను. నిన్న ముప్పై జతలు. ముప్పయ్యోది నాది. పార్వతీబాయి చెప్పులు లెక్కలో వేయలేదు.

పాస్టరుగారు రాలేదు. వాక్యం నేనే చదివాను. సంఘపెద్దగా నా పేరు రాసుకో. డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు అంతంత మాత్రం. ఇకనుంచి ఇళ్ళకు నేను తిరుగుతాను, తోడు తను వస్తానంది. ఇదంతా విన్నాక కూడా అధ్యక్షులు తాళం తెస్తానంటే తెమ్మను. తలుపు దాకా రావాలంటే ముప్పై మందిని, పద్నాలుగు చేటలను దాటి రావాలి.

ఈ ఉత్తరం కూడా సమావేశంలో చదివి వినిపించు. ఒక్క మాట వదలకు.

నీ అమ్మమ్మ

తా.క.: ముప్పై మంది కూర్చునేసరికి రెండో వరస బెంచీ విరిగి ఒక పక్కకు కుంగింది. పెంటప్ప దాని మీదే ఉన్నాడు, లేవలేదు. వచ్చేటప్పుడు రెండున్నర అంగుళాల మేకులు పావుకిలో తీసుకురా. కొనేముందు దుకాణంలోనే ఒకటి సుత్తితో కొట్టి చూడు. వంగేవైతే వద్దు.